రూం చూడటానికి పోతున్నారా? అడ్వాన్స్ ఇచ్చే ముందు ఇవి చూసుకోండి

సమాచార, పౌర సంబంధాల శాఖ – విద్యార్థి సంక్షేమ సమాచార పత్రం

ఎవరి కోసం: పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ తీసుకుంటూ, ఊరు విడిచి పట్నంలో రూం కిరాయికి తీసుకునే ఇంటర్, డిగ్రీ, పాలిటెక్నిక్, ఇంజినీరింగ్, పీజీ విద్యార్థులు, వారి తల్లిదండ్రులు.

"సార్, అడ్వాన్స్ ఇచ్చేసినం. మూడు రోజులకే నీళ్లు రావట్లేదని తెలిసింది. పైసలు వాపస్ ఇస్తరా?"

అడ్మిషన్ల కాలంలో కలెక్టరేట్‌కు వచ్చే తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరు ఈ మాట అడుగుతూనే ఉంటారు. వాళ్లు అసలు వచ్చింది స్కాలర్‌షిప్ పని మీద. మాటల్లో ఇది బయటపడుతుంది. ఆ అడ్వాన్స్ చాలాసార్లు మహిళా సంఘంలో తీసుకున్న అప్పు, లేదంటే పత్తి అమ్మిన పైసలు. కాగితం లేదు, రసీదు లేదు, ఓనర్ ఫోన్ ఎత్తడు. అప్పుడు మేం చేయగలిగింది తక్కువ.

అందుకే ఈ పీడీఎఫ్‌లో చెప్పేది ఒక్కటే మాట. అడ్వాన్స్ మీ చేతిలో ఉన్నంతసేపే బేరం మీ చేతిలో ఉంటుంది. అడగాల్సినవి, చూడాల్సినవి, రాయించుకోవాల్సినవి అన్నీ డబ్బు చేయి మారకముందే అయిపోవాలి.

1. రూం వెతికే ముందు రెండు పనులు

మొదటిది: ప్రభుత్వ కాలేజీ హాస్టల్‌లో సీటు ఉందేమో అడగండి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ సంక్షేమ శాఖలు ఇంటర్ నుంచి పైచదువుల వారికి పోస్ట్ మెట్రిక్ హాస్టళ్లు నడుపుతున్నాయి. సీటు దొరికితే కిరాయి, భోజనం బాధ రెండూ తప్పుతాయి. కాలేజీ ఉన్న జిల్లాలోని సంబంధిత సంక్షేమ శాఖ కార్యాలయంలో అడగాలి. "నిండిపోయి ఉంటయి" అని ఎవరో చెప్పారని వదిలేయకండి. కౌన్సెలింగ్‌లో సీట్లు మారినవాళ్లు, చదువు మానినవాళ్లు ఖాళీ చేసిన చోట్లు మధ్యలో కూడా దొరకవచ్చు.

రెండోది: స్కాలర్‌షిప్‌ను నమ్ముకుని కిరాయి లెక్క వేయకండి. ఈపాస్‌లో రెండు భాగాలు ఉంటాయి. ట్యూషన్ ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ ఫీజు కోసం. మెయింటెనెన్స్ ఫీజు, అంటే ఉపకార వేతనం, మీ ఖర్చుల కోసం. కాలేజీ పరిశీలన, శాఖ మంజూరు, ట్రెజరీ బిల్లు అన్నీ దాటి ఆ డబ్బు మీ ఖాతాలో పడటానికి సమయం పడుతుంది. కిరాయి మాత్రం ప్రతి నెలా ఒకటో తారీఖుకు కట్టాలి. ఇంటి నుంచి నెలనెలా కచ్చితంగా పంపగలిగే మొత్తం ఎంతో ముందు తేల్చుకోండి. ఆ మొత్తానికి సరిపోయే రూమే చూడండి. స్కాలర్‌షిప్ వచ్చినప్పుడు అప్పు తీర్చుకోవచ్చు, పుస్తకాలు కొనుక్కోవచ్చు.

ఇక్కడే ఇంకో విషయం. ఈపాస్ దరఖాస్తులో మీరు డేస్కాలరా, కాలేజీ అనుబంధ హాస్టల్‌లో ఉంటున్నారా అనే వివరం అడుగుతారు. దాన్ని బట్టి మెయింటెనెన్స్ ఫీజు మారుతుంది. ప్రైవేటు రూంలో ఉంటూ హాస్టల్ అని రాస్తే పరిశీలనలో దరఖాస్తు ఆగిపోతుంది. ఎలా రాయాలో కాలేజీలోని స్కాలర్‌షిప్ విభాగంలో అడిగి, ఉన్నది ఉన్నట్టు రాయండి.

2. ఎక్కడ తీసుకోవాలి? దూరం, బస్సు, హాజరు

స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు ఉండాలి. కిరాయి తక్కువని బాగా దూరంలో తీసుకుని, ట్రాఫిక్‌లో పొద్దున క్లాసులు పోగొట్టుకుంటే మొత్తానికే నష్టం. రూం చూసిన రోజే అక్కడి నుంచి కాలేజీకి, క్లాసుల టైంలో బస్సెక్కి పోయి చూడండి. మ్యాప్‌లో చూపే నిమిషాలు వేరు, పొద్దున ఎనిమిదిన్నరకు ఉప్పల్ రోడ్డు మీద పట్టే నిమిషాలు వేరు.

ఆడపిల్లలకు ఒక వెసులుబాటు ఉంది. మహాలక్ష్మి పథకం కింద 2023 డిసెంబరు 9 నుంచి రాష్ట్ర మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. బస్సు ఖర్చు లేదు కాబట్టి కాలేజీ పక్కనే ఎక్కువ కిరాయి పెట్టే బదులు రెండు మూడు స్టాపుల అవతల చూసుకోవచ్చు. కానీ స్టాపు నుంచి రూం దాకా దారి ఎలా ఉందో చీకటి పడ్డాక ఒకసారి నడిచి చూడాలి. వీధి దీపాలు వెలుగుతున్నాయా, దుకాణాలు తెరిచి ఉంటాయా, చివరి బస్సు ఎన్నింటికి? అబ్బాయిలు ఆర్టీసీ విద్యార్థి పాస్ ఏ రూట్‌కు వస్తుందో కనుక్కుని ఏరియా ఎంచుకోవాలి.

3. ఒక్కసారి చూసి ఖాయం చేసుకోవద్దు

నా అనుభవం ఒకటి చెప్తాను. జర్నలిజం చదివే రోజుల్లో ముగ్గురం కలిసి డాబా మీద రూం తీసుకున్నాం. చూసింది మే నెల, మధ్యాహ్నం. గోడలకు కొత్త సున్నం, నేల పొడిగా ఉంది. మంచి రూం దొరికిందని సంబరపడ్డాం. జూలైలో ముసురు పట్టాక తెలిసింది, ఆ కొత్త సున్నం ఎందుకు వేశారో. పైకప్పు నుంచి గోడ వెంట నీళ్లు కారి నా సర్టిఫికెట్ల ఫైలు తడిసింది. ఓనర్‌ను అడిగితే "అడ్వాన్స్ ఇచ్చేటప్పుడు చూసుకోలేదా?" అన్నారు. మాట కటువుగా ఉన్నా, తప్పు మాదే. చూడలేదు.

అందుకని రెండుసార్లు చూడండి. ఒకసారి పగలు, ఒకసారి రాత్రి. కుదిరితే వాన పడిన మరునాడు. కొత్త రంగు వేసిన గోడను చేత్తో తడిమి చూడండి. పైకప్పు మూలల్లో, కిటికీ కింద, బాత్‌రూం అవతలి గోడ మీద పసుపు మరకలు, ఉబ్బిన పెచ్చులు, బూజు వాసన ఉంటే చెమ్మ ఉన్నట్టే. రేకుల రూం అయితే మధ్యాహ్నం రెండు గంటలకు లోపల పది నిమిషాలు కూర్చోండి. ఏప్రిల్‌లో పరీక్షలకు అక్కడే చదవాలి మరి.

అన్నిటికంటే మంచి సమాచారం పక్క రూం వాళ్ల దగ్గర దొరుకుతుంది. "అన్నా, నీళ్లు ఎట్ల వస్తయి? కరెంటు బిల్లు ఎంతైతది? ఖాళీ చేసినోళ్లకు అడ్వాన్స్ వాపస్ ఇచ్చిండ్రా?" అని ఓనర్ లేనప్పుడు అడగండి. ఈ మూడు ప్రశ్నలకు వచ్చే జవాబుతో సగం విషయం తేలుతుంది.

4. నీళ్లు

- నల్లా నీళ్లా, బోరు నీళ్లా, ట్యాంకరా? ట్యాంకర్ అయితే ఖర్చు ఎవరిది? ఎండాకాలం బోరు ఎండితే ఏం చేస్తారు?
- మోటారు రోజుకు ఎన్నిసార్లు వేస్తారు, ఏ టైంకు? కాలేజీకి పోయే టైంలో ట్యాంకు ఖాళీ అయితే లాభం లేదు.
- పై అంతస్తు రూం అయితే నల్లా తిప్పి రెండు నిమిషాలు వదిలి చూడండి. ధార సన్నబడుతుందా?
- తాగే నీళ్లు ఎక్కడి నుంచి? క్యాన్ కొనాలంటే నెలకు ఎన్ని క్యాన్లో లెక్క వేసి కిరాయికి కలపండి.
- బాత్‌రూం ఎంతమందికి ఉమ్మడి? నీళ్లు పోయడానికి జాలీ దారి ఉందా, నిలుస్తున్నాయా?

5. కరెంటు: అసలు తేడా మీటర్ దగ్గర ఉంది

"కరెంటు బిల్లు అందరూ పంచుకోవాలి" అంటే ఊరుకోకండి. మూడు రూములకు ఒక్క మీటర్ ఉంటే ఏమవుతుందో చూడండి. గృహ వినియోగానికి 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన స్లాబుల ప్రకారం లెక్క ఇది.

ఒక్కో రూం నెలకు 90 యూనిట్లు వాడిందనుకుందాం.

వేరే మీటర్ ఉంటే: మొదటి 50 యూనిట్లకు రూ.1.95 చొప్పున రూ.97.50, మిగతా 40 యూనిట్లకు రూ.3.10 చొప్పున రూ.124. మొత్తం రూ.221.50.

మూడు రూములకు ఒకే మీటర్ అయితే: 270 యూనిట్లు. వాడకం 200 దాటింది కాబట్టి మొదటి యూనిట్ నుంచే పై స్లాబు. 200 యూనిట్లకు రూ.5.10 చొప్పున రూ.1,020, మిగతా 70 యూనిట్లకు రూ.7.70 చొప్పున రూ.539. మొత్తం రూ.1,559. ఒక్కో రూంకు దాదాపు రూ.520.

వాడింది అంతే, కట్టేది రెట్టింపు కంటే ఎక్కువ. ఇతర చార్జీలు దీనికి అదనం. కాబట్టి వేరే మీటర్ ఉన్న రూంకు కిరాయి రెండు వందలు ఎక్కువైనా అదే నయం కావచ్చు. కొందరు ఓనర్లు సబ్ మీటర్ పెట్టి యూనిట్‌కు తామే ఒక రేటు చెప్తారు. ఆ రేటు ఎంత, అసలు బిల్లు చూపిస్తారా అని ముందే అడగండి. గత మూడు నెలల బిల్లులు చూపమనడంలో తప్పేం లేదు.

గృహజ్యోతి సంగతి: నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. కిరాయికి ఉండే కుటుంబాలకు కూడా ఇది వర్తిస్తుంది. కానీ ఆహార భద్రత కార్డు ఉండాలి, ఒక కార్డుకు ఒక్క కనెక్షనే. మీ ఇంటి కార్డు ఇప్పటికే ఊళ్లోని మీటర్‌కు జతైతే, పట్నంలో మీ రూంకు అదే కార్డు మీద మళ్లీ రాదు. "ఈ ఇంట్ల కరెంటు ఫ్రీ" అని ఎవరైనా చెప్తే బిల్లు చూసి నమ్మండి. అది జీరో బిల్లే అయితే మీ దగ్గర కరెంటు పైసలు ఎందుకు తీసుకుంటున్నారో కూడా అడగవచ్చు.

వైరింగ్: స్విచ్ బోర్డు నల్లబడి ఉందా, వైర్లు బయటికి వేలాడుతున్నాయా, బాత్‌రూం గోడ తాకితే జివ్వుమంటుందా చూడండి. మెయిన్ స్విచ్ ఎక్కడుందో, దానికి తాళం వేస్తారా కనుక్కోండి. ఇది చిన్న విషయం కాదు.

6. ప్రాణం కంటే చౌక కిరాయి ముఖ్యం కాదు

2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ బైకుల షోరూం, పైన లాడ్జి ఉన్న భవనంలో మంటలు రేగి ఎనిమిది మంది చనిపోయారు. 2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లోని అపార్ట్‌మెంట్‌లో కింద నిల్వ ఉంచిన రసాయనాల డ్రమ్ములకు మంట అంటుకుని కనీసం తొమ్మిది మంది ప్రాణాలు పోయాయి. రెండు చోట్లా ప్రమాదం కింది అంతస్తులో మొదలైంది. పొగ, మంట పైకి ఎగబాకాయి. పైన ఉన్నవాళ్లు చిక్కుకుపోయారు.

కాబట్టి రూం చూసే ముందు భవనం కింద ఏముందో చూడండి. రసాయనాలు, రంగుల డబ్బాలు, స్క్రాప్ గోదాం, గ్యాస్ సిలిండర్లు నింపే దుకాణం, బ్యాటరీ బైకులను వరుసగా చార్జింగ్ పెట్టే చోటు ఉంటే ఆ ఇల్లు వదిలేయండి. కిరాయి సగమే అన్నా సరే.

- మెట్లు ఎన్ని? ఒక్కటే అయితే అది వస్తువులతో, బండ్లతో నిండి ఉందా?
- డాబా తలుపుకు తాళం ఉంటుందా? తాళంచెవి ఎవరి దగ్గర?
- కిటికీ ఊచల్లో తెరుచుకునే భాగం ఉందా?
- రాత్రి గేటుకు లోపలి నుంచి తాళం వేస్తే అత్యవసరంలో ఎవరు తీస్తారు?

వంట చేసుకునేవాళ్లు పెద్ద సిలిండర్ నుంచి చిన్న సిలిండర్‌కు గ్యాస్ నింపే దుకాణాలకు పోవద్దు. అది చట్టవిరుద్ధం, ప్రమాదం. గ్యాస్ కంపెనీలే 5 కిలోల చిన్న సిలిండర్లు అమ్ముతున్నాయి. వాటికి స్థానిక చిరునామా రుజువు అక్కర్లేదు, గుర్తింపు కార్డు చాలు.

బాత్‌రూం లోపల గ్యాస్ గీజర్ ఉంటే జాగ్రత్త. గాలి బయటికి పోయే దారి లేకపోతే కార్బన్ మోనాక్సైడ్ విషవాయువు పేరుకుంటుంది. దానికి వాసన ఉండదు, రంగు ఉండదు. స్నానానికి పోయినవాళ్లు స్పృహ తప్పుతారు. గీజర్ బయట ఉండాలి, లేదంటే వెంటిలేటర్ ఎప్పుడూ తెరిచి ఉండాలి.

7. తలుపు, గడియ, తాళం

ఆడపిల్లల రూం అయితే ఇవి తల్లిదండ్రులు స్వయంగా చూడాలి. తలుపుకు లోపలి గడియ గట్టిగా పడుతుందా? బాత్‌రూం తలుపుకు, వెంటిలేటర్‌కు సందులు ఉన్నాయా? పాత కిరాయిదారుల దగ్గర తాళంచెవులు మిగిలి ఉండవచ్చు, కాబట్టి చేరిన రోజే మీ సొంత తాళం వేసుకోండి. ఓనర్ దగ్గర రెండో చెవి ఉంటే, మీరు లేనప్పుడు రూంలోకి రావద్దని, రావాల్సి వస్తే ఫోన్ చేయాలని ముందే మాట తీసుకోండి. సీసీ కెమెరా గేటు వైపు ఉంటే మంచిదే. రూం తలుపు వైపు, బాత్‌రూం వైపు తిరిగి ఉంటే ఒప్పుకోవద్దు. ఎవరైనా వెంటపడినా, వేధించినా 112కు ఫోన్ చేయండి, షీ టీమ్స్‌కు చెప్పండి. మహిళా హెల్ప్‌లైన్ 181.

8. ఓనర్‌తో తేల్చుకోవాల్సినవి

- అడ్వాన్స్ ఎన్ని నెలలది? కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాస గృహాలకు రెండు నెలల కిరాయికి మించి డిపాజిట్ వద్దంటుంది. అది నమూనా మాత్రమే, మన దగ్గర చట్టంగా చూపలేం. కానీ బేరం ఆడటానికి కొలమానంగా పనికొస్తుంది.
- ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు పేరుతో ఎంత కట్ చేస్తారు? నెల కిరాయి మొత్తం పట్టుకోవడం చాలాచోట్ల అలవాటు. అది ముందే తెలియాలి.
- ఎన్ని రోజుల ముందు చెప్పాలి? పరీక్షలు అయిపోగానే మే నెలలో ఖాళీ చేస్తే జూన్ కిరాయి అడుగుతారా?
- కిరాయి ఎప్పుడు, ఎంత పెంచుతారు?
- ఇద్దరి రూంలో మూడో మనిషి చేరవచ్చా? అమ్మానాన్న వచ్చి రెండు రోజులు ఉండవచ్చా?
- మెయింటెనెన్స్, చెత్త, లిఫ్ట్, పార్కింగ్‌కు వేరే కట్టాలా?

9. ఒక్క కాగితం, పది ఫోటోలు

ఒప్పందం లేకుండా చేరకండి. పెద్ద దస్తావేజు అక్కర్లేదు. సాధారణంగా 11 నెలలకు రాసుకుంటారు. అందులో ఉండాల్సినవి: ఇద్దరి పేర్లు, రూం చిరునామా, కిరాయి, అడ్వాన్స్, కరెంటు లెక్క, ఎన్ని రోజుల నోటీసు, ఖాళీ చేసినప్పుడు ఏం కట్ చేస్తారు, మిగతాది ఎన్ని రోజుల్లో వాపస్ ఇస్తారు. ఇద్దరూ సంతకం చేసి చెరొక కాపీ పెట్టుకోండి.

ఓనర్ ఒప్పందానికి ఒప్పుకోకపోతే కనీసం ఇవే మాటలు వాట్సాప్‌లో రాసి పంపి "సరే" అనిపించుకోండి. డబ్బు నగదుగా కాకుండా యూపీఐలో పంపి, నోట్‌లో "అడ్వాన్స్" అని రాయండి. సామాను దించే ముందే గోడలు, తలుపులు, బల్బులు, ఫ్యాన్, నల్లాలు, కరెంటు మీటర్ రీడింగ్ ఫోటోలు తీసి ఓనర్‌కు అదే రోజు పంపండి. ఖాళీ చేసే రోజు "ఈ పగులు మీరే చేసిండ్రు" అంటే ఆ ఫోటోలే మీ సాక్షి.

ఓనర్ ఆధార్ కాపీ అడగడం, పోలీసులకు కిరాయిదారు వివరాలు ఇవ్వడం మామూలే. ఆధార్‌కు బదులు మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి, మీద "రూం కిరాయి కోసం" అని తారీఖుతో రాయండి. కానీ టెన్త్ మెమో, ఇంటర్ మెమో, కుల, ఆదాయ ధ్రువపత్రాల ఒరిజినల్స్ ఎవరికీ ఇవ్వద్దు. ప్రైవేటు హాస్టల్ అయినా సరే. స్కాలర్‌షిప్ పరిశీలనకు అవే కావాలి. అవి ఇంకొకరి బీరువాలో ఉంటే మీ ఏడాది వాళ్ల చేతిలో ఉన్నట్టే.

10. ఫోన్‌లోనే రూం చూపించి డబ్బు అడిగితే

యాప్‌లో అందమైన ఫోటోలు, తక్కువ కిరాయి. "నేను వేరే రాష్ట్రంలో డ్యూటీలో ఉన్నా, టోకెన్ పంపితే తాళాలు ఇప్పిస్తా" అంటారు. క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి క్యూఆర్ స్కాన్ చేయాల్సిన పని ఎప్పుడూ ఉండదు. తలుపు తీసి లోపల కాలు పెట్టని రూంకు ఒక్క రూపాయి కూడా పంపద్దు. ఒకవేళ పంపి మోసపోతే సిగ్గుపడి ఊరుకోవద్దు. వెంటనే 1930కి ఫోన్ చేయండి. ఎంత తొందరగా చెప్తే ఆ డబ్బును ఖాతాలో ఆపే అవకాశం అంత ఎక్కువ.

చివరిగా: జేబులో పెట్టుకుపోయే పది ప్రశ్నలు

1. ప్రభుత్వ హాస్టల్ సీటు అడిగామా?
2. ఇంటి నుంచి వచ్చే డబ్బుతోనే కిరాయి కట్టగలమా?
3. క్లాసు టైంలో బస్సెక్కి చూశామా?
4. పగలు, రాత్రి రెండుసార్లు చూశామా?
5. పక్క రూం వాళ్లను అడిగామా?
6. నల్లా తిప్పి చూశామా?
7. మీటర్ వేరేనా, ఉమ్మడా?
8. భవనం కింద ఏముంది, బయటపడే దారి ఏది?
9. ఖాళీ చేసినప్పుడు కోత ఎంత?
10. కాగితం రాసుకున్నామా, ఫోటోలు తీశామా?

పదింట్లో ఏ ఒక్కదానికి జవాబు లేకపోయినా ఆ రోజు అడ్వాన్స్ ఇవ్వకండి. "ఇప్పుడే ఇయ్యకపోతే వేరేటోళ్లు తీసుకుంటరు" అని ఓనర్ తొందర పెడతారు. పెట్టనివ్వండి. ఆ రూం పోతే ఇంకో టూలెట్ బోర్డు దొరుకుతుంది. అమ్మ సంఘంలో తెచ్చిన అప్పు పోతే మళ్లీ దొరకదు.

ఈ పీడీఎఫ్‌ను మీ ఊరి వాట్సాప్ గ్రూపులో, కాలేజీ గ్రూపులో పంచండి. ఈ ఏడాది పట్నం పోయే పిల్లలున్న ఇంటికి చదువు రాని పెద్దలుంటే చదివి వినిపించండి. స్కాలర్‌షిప్, హాస్టల్ సీటు వివరాలకు మీ జిల్లా సంక్షేమ శాఖ కార్యాలయంలో గానీ, సోమవారం ప్రజావాణిలో గానీ అడగవచ్చు.

– జిల్లా పౌర సంబంధాల అధికారి